పాత మిషన్లు నడిచిన రోజు

రెండేళ్ళ కిందట కొన్న ఫోను చూపించి ‘ఇది పాతదైపోయింది మాస్టారూ’ అని నా దగ్గర అనకండి. నాకు కోపం వస్తుంది. డాక్టరు గారు మానమన్నవాటిలో ఉప్పు ఒకటి, కోపం రెండోది. ఉప్పు తగ్గించాను. రెండోది నా చేతిలో లేదు. ఎందుకు లేదో మీ వయసు వాళ్ళకి చెప్పాలనే ఇది రాస్తున్నాను. ఇందులో నీతి కోసం వెతక్కండి. నీతి దొరికి ఉంటే నాకింత కోపం మిగిలేది కాదు.

పెనుగొండలో మా నాన్నది కిరాణా కొట్టు. పలక మీద అక్షరాలు దిద్దకముందే పంచదార డబ్బా మీదా, కందిపప్పు డబ్బా మీదా ఏం రాసుందో చదివేవాణ్ణి. బేరమాడటం మా ఇంట్లో ఎవరూ ప్రత్యేకంగా నేర్పలేదు, మాటలతో పాటే వచ్చేసింది. ఇప్పటికీ వంకాయలమ్మేవాడు చెప్పిన ధరకి తలూపి వస్తే ఆ పూట నాకు కూర సహించదు. మా ఆవిడ నాతో బజారుకి రావడం మానేసి చాలా కాలమైంది. ‘మీరు బండివాణ్ణి ఏడిపిస్తుంటే నేను పక్కన నిలబడలేను’ అంటుంది. అలాంటివాణ్ణి కొట్టు తమ్ముడికి వదిలేసి, గోదావరికి ఇవతల కాలవ పక్కనున్న ఒక ఎయిడెడ్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ ఇంచార్జి అయ్యాను. చదివింది ఫిజిక్సు. ఆ రోజుల్లో ప్లగ్గు ఎక్కడ పెట్టాలో తెలిసినవాడే ఇంచార్జి.

ల్యాబ్ పెట్టమన్నారు గాని, కమిటీ వాళ్ళు చెయ్యి విదల్చలేదు. హైదరాబాదులో ఒక ఆఫీసువాళ్ళు పాత కంప్యూటర్లు వదిలించుకుంటున్నారని తెలిసి బస్సెక్కాను. వాళ్ళ గేటు దగ్గర మొదలుపెట్టి మేనేజరు గది దాకా బేరమాడుతూనే వెళ్ళాను. చివరికి ఆయన తల పట్టుకుని ‘మీరు పట్టుకెళ్ళిపోండి, నాకు వేరే పనులున్నాయి’ అన్నాడు. మౌసుల కింద వేసే రబ్బరు ముక్కలు కూడా నేను వదల్లేదు. బియ్యం దించి ఖాళీగా తిరిగొస్తున్న లారీలో, గడ్డి మధ్య సర్ది తెచ్చాను. చాలా రోజులు కీబోర్డులు తిరగేస్తే గడ్డిపరకలు రాలిపడేవి.

వాటిని నడిపించే సిస్టమ్ సాఫ్ట్‌వేరు కొనే స్తోమత లేదు కాబట్టి లైనక్స్ వేశాం. తెలియనివాళ్ళకి చెప్తున్నాను: ఇది ఊరికే ఇస్తారు. ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో కలిసి రాస్తారు. ఆ రాసిందాన్ని రకరకాల బృందాలు ఎవరి పద్ధతిలో వాళ్ళు ఒక సీడీలోకి సర్ది, కొన్నాళ్ళకోసారి కొత్త వెర్షను వదులుతారు. మేం వాడిన రకం పేరు ఇక్కడ అనవసరం. ఊరికే ఇస్తారన్న మాట వినగానే నేను కుర్చీలో సర్దుకుని కూర్చున్నానని మాత్రం చెప్పగలను.

ల్యాబుకి నేను ఇంచార్జినే. పాఠం చెప్పింది మేడం. అలాగే పిలిచేవాళ్ళం, ఇక్కడా అలాగే ఉండనివ్వండి. ఆవిడది పట్టిసీమ వైపు రైతు కుటుంబం. భర్త లంక భూమి కౌలుకి చేసేవాడు. గోదారమ్మ ఏ ఏడు ఎంత ఉంచుతుందో తెలియని వ్యవసాయం. ఇంట్లో నెల నెలా వచ్చే రాబడి ఈవిడ జీతమొక్కటే. అదీ కాంట్రాక్టు మీద. జూన్‌లో ఆర్డరు చేతికొస్తే ఉన్నట్టు, రాకపోతే లేనట్టు. ఇద్దరు పిల్లల స్కూళ్ళు ఆ కాగితం మీద ఆధారపడి ఉండేవి.

తెలుగు మీడియం ఆడపిల్లలకి కంప్యూటరు చెప్పడంలో ఆవిడ పద్ధతే వేరు. ‘ఫైలంటే ఏంటి మేడం?’ అని ఎవరైనా అడిగితే, ‘మీ అమ్మ పోపులపెట్టె తెలుసా? అందులో గిన్నె ఫోల్డరు, ఆవాలు ఫైలు. జీలకర్ర గిన్నెలో ఆవాలు పోశావనుకో, పోపు మాడేలోపు వెతుక్కోలేవు. సర్దడం అందుకే నేర్చుకోవాలి’ అనేది. నోరు కూడా పదునే. ఒకసారి నేను సీడీలు అమ్మేవాడితో పావుగంట బేరమాడి గెలిచి వస్తే, ‘సార్, ఈ పావుగంటలో నేనొక పాఠం చెప్పేశానండి’ అంది.

రెండువేల ఏడో, ఎనిమిదో. యూనివర్సిటీ సిలబస్ మార్చింది. కంప్యూటరు కోర్సులో తెలుగు టైపింగు, తెలుగులో డాక్యుమెంట్లు తయారుచెయ్యడం పెట్టారు. ఆ జూన్ నుంచి ల్యాబులో అది నడవకపోతే కోర్సుకి గుర్తింపు ఉండదన్నారు. మా మిషన్ల మీదున్న పాత వెర్షన్లో తెలుగు ఎలా ఉండేదంటే, ‘క్ష’ కొడితే ముక్కలై పడేది. వత్తులన్నీ వర్షంలో తడిసిన పిడకల్లా అక్షరానికి దూరంగా పడుండేవి. రాబోయే వెర్షన్లో ఇదంతా బాగుపడుతుందనీ, మెనూలు కూడా తెలుగులోనే ఉంటాయనీ ప్రకటించారు. వేసవిలో వస్తుంది. మేం పండక్కి కొత్త బట్టల కోసం చూసినట్టు చూస్తున్నాం.

ఆ సమయానికే దిగాడు ఒక కంప్యూటర్ల డీలరు. రాజమండ్రి నుంచి మోటార్ సైకిలు మీద, ఆ ఎండలో మెడకి టై కట్టుకుని. ఆయన చెప్పింది వినడానికి బాగుండేది. కాలేజీ గది ఇస్తే చాలు. కొత్త మిషన్లు ఆయనవే, పాఠం చెప్పేవాళ్ళు ఆయనవాళ్ళే. పిల్లల దగ్గర ఫీజు వసూలు చేసి కాలేజీకి వాటా ఇస్తాడు. పాత మిషన్లు కూడా తన లారీలోనే తీసుకుపోతాడు. అంటే ఊరికే నేర్చుకుంటున్న పిల్లలు డబ్బు కట్టాలి, మేడం ఇంటికి వెళ్ళాలి. ఇది ఆయన పైకి అనలేదు. అనకుండా చెప్పడం వ్యాపారం. నాకు కొత్తేమీ కాదు.

అసలు సరుకు వచ్చేలోపు మచ్చు చూపించడం మా కొట్టు పద్ధతి. లైనక్స్ వాళ్ళదీ అంతే. వెర్షను వదిలేముందు పరీక్షించుకోమని మచ్చు సీడీలు వదులుతారు. మా ఊళ్ళో ఫోను లైను మీద నడిచే ఇంటర్నెట్టుకి అంత బరువు ఎత్తే శక్తి లేదు. ఆదివారం బ్రిడ్జి దాటి రాజమండ్రి వెళ్ళి, ఒక ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని, దింపించి, సీడీ మీదకి ఎక్కించుకు వచ్చాను. సోమవారం మేడం, నేనూ ఒక మిషన్లో పెట్టాం. నల్లటి స్క్రీను మీద ఒకే ఒక ఇంగ్లీషు ముక్క వచ్చి ఆగిపోయింది. ఈ ప్రాసెసర్లో ఫలానా సదుపాయం లేదు, కాబట్టి నేను నడవను అని దాని సారాంశం.

మా మిషన్లలో ఉన్న ప్రాసెసర్ పెద్ద కంపెనీది కాదు. దానిలాగే పనిచేసే చవకరకం. అందులో ఒక్క ఆదేశం తక్కువ. అన్నీ తెలిసిన వంటవాడికి ఒక్క దప్పళం రాకపోతే ఎంతో, అంత తేడా. ఇంతకాలం లైనక్స్ వాళ్ళు పాత ప్రాసెసర్లకి విడిగా ఒక కెర్నెల్ ఇచ్చేవారు. కెర్నెల్ అంటే సిస్టమ్‌కి గుండెకాయ లాంటిది. ఈసారి నుంచి ఆ విడి గుండెకాయ మానేద్దామనుకుంటున్నారు.

‘ఏంటండి, ఇది పాతదని మొహం మీదే చెప్పేస్తోంది’ అంది మేడం. నవ్వుతూనే అంది. చెయ్యి మాత్రం మౌసు మీద నుంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

ఆ బృందం వాళ్ళు మాట్లాడుకునే మెయిలింగ్ లిస్టుకి నేను ఉత్తరం రాశాను. ‘అయ్యా, మాలాంటి వాళ్ళ మిషన్లకి పాత కెర్నెల్ ఉంచండి’ అని. మొదటి జవాబు ఎవరో దొర దగ్గర నుంచి వచ్చింది. ‘అంత పాత వాటి మీద మేమెందుకు సమయం ఖర్చుపెట్టాలి? ఇప్పుడు కొత్త మిషన్లు చాలా చవక. కొనుక్కోండి.’

నాకు చెవులు వేడెక్కాయి. ఇంటర్నెట్ సెంటర్లో ఉన్నవాళ్ళంతా నా వైపు చూశారంటే పైకే ఏదో అని ఉంటాను. చవక! ఎవరి జేబు లెక్కలో చవక? మా పిల్లల్లో కొందరు బస్సు పాసు మర్చిపోతే నడిచొచ్చేవాళ్ళు. ఆ ఉత్తరం అచ్చు తీయించి తెచ్చి మేడంకి చూపించాను.

‘వీడెవడండి, మన డీలర్ గారి పెత్తండ్రి కొడుకా?’ అంది.

జవాబు నేను రాశాను. గోదావరి, పేదపిల్లలు, సరస్వతీదేవి, వాళ్ళ బృందం గొప్పతనం అన్నీ కలిపి మూడు పేజీలు వచ్చింది. మేడం చదివి, ‘ఎమ్మెల్యేకి అర్జీలా ఉందండి’ అని అన్నీ కొట్టేసింది. మిషను ఏంటి, ప్రాసెసర్ ఏంటి, స్క్రీను మీద ఏం వచ్చింది, ఇలాంటి మిషన్ల మీద ఎవరు నేర్చుకుంటున్నారు, అంతే రాసింది. నాకు మనసొప్పక చివర ఒక వాక్యం చేర్చాను: ‘మీరు మానేస్తే మేం మరో రకం లైనక్స్‌కి వెళ్ళిపోవాల్సి వస్తుంది.’ కొట్లో ధర కుదరనప్పుడు వెళ్ళిపోతున్నట్టు నాలుగడుగులు వేస్తాం చూడండి, వెనక్కి పిలుస్తారని. అది.

వెంటనే ఒకాయన జవాబు రాశాడు. ‘అలాగే వెళ్ళండి. ఆ రకం కూడా బాగుంటుంది.’

ఊరికే ఇచ్చేవాడితో బేరం కుదరదని నాకు ఆ రోజు తెలిసింది. మేడం ఆ ముక్క చదివి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

కాని మేడం రాసిన భాగానికి వేరే ఒకాయన స్పందించాడు. ఎక్కడో చలిదేశం. కిటికీ అవతల ఇంకా మంచు ఉందని రాశాడు. ఇక్కడ మేం ఫ్యాను కింద ఉడికిపోతున్నాం. ఈ కమాండు కొట్టి వచ్చింది పంపండి, ఈ మచ్చు వేసి చూడండి, ఇక్కడ ఆగితే ఏమంటోందో రాయండి అని అడిగాడు. మేడం ఒక్కొక్కటీ చేసేది. నేను రాజమండ్రికి మోసేవాణ్ణి. పాత కెర్నెల్ ఉంచాలా వద్దా అని వాళ్ళలో వాళ్ళకి పెద్ద తగువే నడిచింది. ఒక మచ్చులో మా మిషను లేచి కూర్చునేది. తర్వాతి మచ్చులో ఎవరో మళ్ళీ తీసేసేవారు. కోపంతో నేను పళ్ళు నూరితే, ‘తిట్టకండి సార్, ఆయన రాయడం మానేస్తాడు’ అని మేడం ఆపేది.

ఈలోగా డీలరు మిల్లు చుట్టూ తిరగడం ఎక్కువైంది. మా కాలేజీ కమిటీ సెక్రటరీ గారిది రైస్ మిల్లు. కాలేజీ విషయాలన్నీ మిల్లు ఆఫీసులోనే తేలేవి. ఆయన గుప్పెడు బియ్యం అరచేతిలో పరుచుకుని, నూక వేలితో పక్కకి తోస్తూ మాట్లాడతారు. మన మొహం చూడరు. నేను వెళ్ళేసరికి డీలరు అక్కడే ఉన్నాడు, ఒప్పందం కాగితాలతో సహా.

‘ఏంటండి ఇంచార్జి గారూ, ఈయన ఎల్లుండే కొత్తవి దింపుతానంటున్నారు. మనకి పోయేదేముంది?’

‘పోయేదేం లేదండి. రేపట్నుంచి మూఢం కదా అని...’

వేలు ఆగింది. ‘శుక్రమూఢమా?’

‘ఆయ్. మీ ఇష్టమండి. సామాను కొత్తది, ఒప్పందం కొత్తది. చెప్పకపోతే తర్వాత మీరే నన్నంటారని చెప్పాను.’

మూఢంలో ఆయన మిల్లులో బెల్టు తెగినా పాతదే కుట్టించి నడిపేవారు గాని కొత్తది ఎక్కించేవారు కాదు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. రాజమండ్రి మనిషికి తెలియదు.

‘సార్, కంప్యూటర్లకి మూఢమేంటి సార్! ఇది టెక్నాలజీ’ అన్నాడు డీలరు, నవ్వుతూ.

సెక్రటరీ గారు మొదటిసారి తల ఎత్తారు. ‘ఏం బాబూ, మీ కంప్యూటర్లు భూమ్మీద పెట్టరా? గాల్లో పెడతారా?’

లోపల నేను ఎంత సంబరపడ్డానో! అక్కడే బేరం ముడేశాను. మూఢం వెళ్ళాక మంచి రోజు చూసి కమిటీ ల్యాబుకి వస్తుంది. ఆ రోజుకి కొత్త వెర్షను పాత మిషన్ల మీద తెలుగులో నడిస్తే ల్యాబు ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. నడవకపోతే డీలరు లారీ వస్తుంది.

‘నడుస్తుందండి. పైసా ఖర్చు లేకుండా నడుస్తుంది’ అన్నాను. ఈ మాట ఆ తర్వాత ఆయన కనిపించినప్పుడల్లా అన్నాను. కాలేజీ గేటు దగ్గర, గుడి దగ్గర సంతర్పణలో, బ్యాంకులో. అమ్మేవాడు అరుస్తూ ఉంటేనే సరుకు కదులుతుందని మా నాన్న నేర్పాడు.

తర్వాత నెత్తి మీద పిడుగు. వెర్షను విడుదల వాయిదా వేశారు. ఇంకా సరిచెయ్యాల్సినవి ఉన్నాయట. మూఢం మాత్రం వాయిదా పడదు కదా! పంచాంగం ఒకవైపు, మెయిలింగ్ లిస్టు ఒకవైపు పెట్టుకుని ఎదురుచూసిన ఇంచార్జి దేశంలో నేనొక్కణ్ణే అయి ఉంటాను. ఒకరోజు మేడం, ‘చిన్నదాన్ని ఇంగ్లీషు మీడియంలో వెయ్యమంటున్నాడండి మా ఆయన. జూన్ దాకా ఆగమన్నాను’ అంది. ఆ జూన్ అనే మాట నా మీద పెట్టి వెళ్ళినట్టనిపించింది.

మూఢం వెళ్ళే వారంలోనే వచ్చింది వెర్షను. తొలి బస్సుకి వెళ్ళి, సెంటర్ తలుపు తీసేదాకా మెట్ల మీద కూర్చుని, సీడీ చేయించుకుని, మధ్యాహ్నానికి ల్యాబులో ఉన్నాను. మిషన్లలో మెమొరీ తక్కువ కాబట్టి బొమ్మలు లేని పద్ధతిలో ఇన్‌స్టాల్ చెయ్యాలి. మేడం కొట్టుకుంటూ పోయింది. నల్ల స్క్రీను మీద అక్షరాలు పైకి పాకాయి. ఆగింది. మళ్ళీ పాకింది. మా చలిదేశం ఆయన మాట నిలబెట్టుకున్నాడు. పాత కెర్నెల్ సీడీలో ఉంది. మిషను లేచింది. మెనూలో ‘అనువర్తనాలు’ అని కనిపించింది. మేడం ‘క్ష’ కొట్టింది. ఒక్క ముక్కగా, గుండ్రంగా, నిండుగా నిలబడింది.

‘చూశారాండి’ అంది. అంతే అంది.

కమిటీ వచ్చిన రోజు ల్యాబు కడిగించి, గుమ్మానికి మామిడాకులు కట్టాం. సెక్రటరీ గారు, ఇద్దరు మెంబర్లు, ప్రిన్సిపాల్ గారు వచ్చారు. ఆహ్వానం లేకపోయినా డీలరూ వచ్చాడు. ఓడినా గెలిచినా సరుకు చూసిపోవడం వ్యాపారి లక్షణం, తప్పుపట్టను. మేడం అన్ని మిషన్లూ వెలిగించి సిద్ధంగా ఉంచింది. సెక్రటరీ గారు చెప్తూ ఉంటే ఆయన పేరు, మిల్లు పేరు టైపు చేసి చూపించింది. ఆయన కళ్ళజోడు సవరించుకుని, వత్తులన్నీ ఉన్నాయో లేదో చూసుకుని, ‘అబ్బ! తెలుగు భలే పడింది’ అన్నారు. మెంబర్లు కూడా వంగి చూశారు. డీలరు వాచీ చూసుకున్నాడు.

నేను గెలిచానని అనుకున్నాను.

‘మిషన్లకి ఖర్చు లేదు’ అన్నారు సెక్రటరీ గారు.

‘లేదండి.’

‘సిస్టమ్‌కి ఖర్చు లేదు.’

‘పైసా లేదండి.’

‘అంతా తెలుగులోనే చెప్తోంది. చదువొచ్చిన పిల్లలే. మరి ఇంక మేడం గారు దేనికండి? చూసుకోడానికి మీరున్నారు కదా.’

ఆయన వెటకారంగా అనలేదు. నిజంగానే, ధాన్యంలో రాయి ఏరినంత మామూలుగా అన్నారు. అందుకే నాకు ఇంకా మండుతుంది.

‘మిషను పాఠం చెప్పదండి’ అన్నాను. గొంతు పెరిగింది. ‘పేర్లు తెలుగులో ఉన్నంత మాత్రాన పని వచ్చేస్తుందాండి? మందు సీసా మీద తెలుగులో రాసుందని డాక్టర్ని మానేస్తామా?’

‘మీరే కదండి ఖర్చు లేకుండా నడుస్తుందని ఊరంతా చెప్పారు! మొన్న సంతర్పణలో కూడా అన్నారు. ఖర్చు లేకుండా అంటే ఖర్చు లేకుండానే కదా.’

మెంబర్లు నవ్వారు. ప్రిన్సిపాల్ గారు కిటికీలోంచి బయటి సైకిలు స్టాండు పరిశీలించడం మొదలుపెట్టారు. ఆ స్టాండు మీద ఆయనకి అంత శ్రద్ధ ఉండటం నేను అంతకుముందెప్పుడూ చూడలేదు. ఒక్కమాట అనొచ్చు ఆయన. ఆ కోర్సు వచ్చాకే కాలేజీలో ఆడపిల్లల అడ్మిషన్లు పెరిగాయని ఆయనకి తెలుసు.

మేడం లేచి నిలబడింది. ‘సెక్రటరీ గారూ, మీ మిల్లులో కొత్త మోటారు బిగిస్తే మోటారు చూసే మనిషిని మాన్పించేస్తారాండి?’

‘మోటారుకి తెలుగు రాదు కదమ్మా!’ అన్నారాయన. మళ్ళీ నవ్వులు. డీలరొక్కడే నవ్వలేదు.

నేను అన్నాను, చాలా అన్నాను. ఈ మిషన్లు నడవడానికి ఉత్తరాలు రాసింది, పరీక్షించింది, మొహం తెలియనివాళ్ళని ఒప్పించింది ఆవిడేనన్నాను. మిషన్లు తీసేయండి, మనిషిని ఉంచండి అని కూడా అన్నాను. ‘మంచిరోజున ఆవేశపడకండి’ అన్నారు సెక్రటరీ గారు. కొబ్బరికాయ కొట్టించి, ముక్కలు పంచి, కారెక్కారు. జూన్ ఆర్డరు లేదు.

వరండాలోకి వచ్చేసరికి డీలరు మోటార్ సైకిలు స్టాండు తీయకుండా నిలబడి ఉన్నాడు. టై వదులు చేసుకున్నాడు. ‘మేడం, మా రాజమండ్రి సెంటర్లో చెప్పేవాళ్ళు కావాలండి. తెలుగు బ్యాచ్ పెడదామనుకుంటున్నాను’ అన్నాడు.

నాకు రక్తం పొంగింది. ఇన్నాళ్ళూ ఆవిడ ఉద్యోగం మింగడానికి వచ్చినవాడు ఇప్పుడు వడ్డిస్తానంటాడా? పోనీ, వడ్డిస్తే ఎంత వడ్డిస్తాడో తేల్చాలి కదా. అలవాటు కొద్దీ ముందుకు వెళ్ళి, ‘చూడండి, ఊరికే రారు మేడం గారు. ఆవిడ...’ అని మొదలుపెట్టాను.

‘మీరు ఆగండి సార్’ అంది మేడం. ‘ఈ బేరం నేనాడుకుంటాను. మీరు ఆడితే మిషన్లు నిలబడతాయి, నేను కొసరు కింద పోతాను.’

నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. జీతం ఒకటో తారీఖున ఇవ్వాలంది. బస్సు ఆలస్యమైతే మాట పడనంది. ఇంట్లో వరదొచ్చిన రోజులకి జీతం కొయ్యకూడదంది. ఆర్డరు ఇప్పుడే కాగితం మీద రాసి ఇమ్మంది. ఆయన పెట్రోలు ట్యాంకు మీద కాగితం పెట్టి రాశాడు. రాసింది రెండుసార్లు చదివి, ఒక మాట కొట్టించి, మళ్ళీ రాయించి, మడిచి సంచిలో పెట్టుకుంది. అంత శుభ్రమైన బేరం నేను మా కొట్లో కూడా చూడలేదు. నాతో ‘వెళ్ళొస్తానండి’ అని బస్టాండు వైపు నడిచింది.

అదే రోజు నేను రాజీనామా చేశానని రాస్తే మీకు బాగుంటుంది. చెయ్యలేదు. పెన్షను దగ్గర్లో కనిపిస్తోంది. మా ఇంట్లో ఆవేశానికి విలువ కట్టే అలవాటు లేదు.

కాలేజీ తెరిచాక పిల్లలు ల్యాబుకి వచ్చారు. ఎవరి మిషను ముందు వాళ్ళు కూర్చున్నారు. ముందు వరస అమ్మాయి అడిగింది.

‘సార్, మేడం రాలేదేంటండి?’

‘రారమ్మా.’

‘ఎందుకండి?’

నిజమైన కారణం నాలుక చివర దాకా వచ్చింది. సెక్రటరీ గారి మాట నా నోటితో ఎందుకు పలకాలి అనిపించింది. ‘సెక్రటరీ గారు మాన్పించారు. ఎందుకో ఆయన్నే అడగండి. మిల్లులో ఉంటారు’ అన్నాను.

ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ‘వెళ్ళి అడగొచ్చాండి?’

‘అడగొచ్చు. కాలవ గట్టు మీదుగా వెళ్ళండి, రోడ్డు మీద లారీలెక్కువ.’

బ్యాచంతా లేచింది. ఓణీలు, సైకిళ్ళు, లంచ్ బాక్సులు అన్నీ గట్టు మీద బారుగా వెళ్తుంటే వరండాలోంచి చూశాను. ఆపమని ప్రిన్సిపాల్ గారు పరుగెత్తుకొచ్చారు. ‘నాకు మోకాళ్ళ నొప్పులండి’ అన్నాను.

మిల్లులో జరిగింది అక్కడి గుమాస్తా చెప్పాడు. ధాన్యం ఆరబోసిన కళ్ళం చుట్టూ పిల్లలు నిలబడ్డారట. సెక్రటరీ గారు బయటికొచ్చి, ‘మిషను తెలుగులోనే చెప్తుంది కదమ్మా, చూసి నేర్చుకోండి’ అన్నారట. ఆ ముందు వరస అమ్మాయే, ‘తొలగించు అని తెలుగులోనే ఉందండి. నొక్కాను. నేను కొట్టిందంతా పోయిందండి. వెనక్కెలా తెచ్చుకోవాలో మిషను చెప్పట్లేదు, మీరు చెప్పండి’ అందట. బస్తాలు మోస్తున్నవాళ్ళు ఆగి, సెక్రటరీ గారు ఏం చెప్తారో అని చూశారట. ఆయన చేతిలో బియ్యం కూడా లేవట, చూసుకోడానికి.

ఆ సాయంత్రమే గుమాస్తాని మేడం ఇంటికి పంపారు. పాత జీతమే ఇస్తాం, రేపటి నుంచి రమ్మని. ఆవిడ గుమ్మంలోనే నిలబడి విందట. ‘మిషన్లు బాగా నడుస్తున్నాయంట కదండి. నడవనివ్వండి. నాకు పొద్దున్నే రాజమండ్రి బస్సుంది’ అందట.

మర్నాడు సెక్రటరీ గారు నన్ను మిల్లుకి పిలిచారు. ఆ రోజు నా మొహం చూస్తూనే మాట్లాడారు. ‘మీరు మంచి బేరగాళ్ళు కదండి. ఆవిడతో ఒకసారి మాట్లాడి చూడండి, ఎంతకొస్తారో.’

చిన్నప్పటి నుంచి ఆ మాట వింటే నాకు హుషారు. ఆ రోజు కుర్చీ వెనక్కి జరిపి లేచాను.

‘నేను వెళ్ళనండి’ అన్నాను. ‘మీరే వెళ్ళండి. ఆవిడెంతంటే అంతకి ఒప్పుకుని రండి.’

ఆయన వెళ్ళలేదు.